కుండ మీద పేరు

మొన్న సంక్రాంతి సెలవులకి మా మేనకోడలు బరోడా నుంచి వస్తూ నాకో పెరుగుకుండ తెచ్చింది. పగలకుండా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందిట. చూడముచ్చటగా ఉంది. తేనెరంగు, గుండ్రటి పొట్ట, కాస్త బయటికి వంగి మళ్ళీ సర్దుకున్నట్టున్న మూతి. తిరగేసి చూశాను. కుండని తిరగేసి చూడడం, వేలి కణుపుతో కొట్టి ఖంగుమంటుందో లేదో వినడం మా అమ్మ దగ్గర్నుంచి నాకొచ్చిన అలవాటు. అడుగున ఇంగ్లీషులో రెండక్షరాలు చెక్కి ఉన్నాయి. ఒకటి దాని పేరుది, రెండోది మా ఇంటిపేరుది.

"కుండకి సంతకమేమిటే తల్లీ!" అని నవ్వాను.

అది నవ్వలేదు. "నీ నవల అట్ట మీద నీ పేరెందుకు వేసుకుంటావత్తా?" అంది.

జవాబు దొరక్క, "ఎంతే ఇది?" అని మాట మార్చాను. హైదరాబాదులో ఓ హాల్లో వాళ్ళ స్నేహితురాళ్ళంతా కలిసి పెట్టబోయే ప్రదర్శనలో ఇలాంటివి మూడువేల అయిదువందలకి పెడుతోందిట. నా గుండె గతుక్కుమంది. అంతకు ముందు వేసవిలోనే కీసరలో నూటయాభై రూపాయలు చెప్పిన కుండని నూటఇరవైకి బేరమాడి, గెలిచినట్టు ఇంటికి తెచ్చుకున్నదాన్ని మరి!

ఇంతకీ ఇది బరోడా వెళ్ళి చదువుతున్నది సిరామిక్స్. మా అన్నయ్య ఇంజనీరు. కూతురు కూడా ఇంజనీరే అవుతుందని దాని బారసాల నాడే నిర్ణయించేసుకున్నాడు. అలాంటిది, పన్నెండో తరగతి అయ్యాక అది మట్టిపని చదువుతానని కూచునేసరికి ఇల్లంతా ఒకటే గోల. "లక్షలు పోసి కుండలు చెయ్యడానికి యూనివర్సిటీ దాకా ఎందుకే? కీసర పోతే చాలదూ?" అన్నాడు. మేముండేది నాగారం దగ్గర. కీసర మాకు బస్సెక్కితే అరగంట దూరం. శివరాత్రికి గుట్టెక్కడం, దిగేటప్పుడు ఊళ్ళో ఆగి కుండో, మూకుడో కొనుక్కోవడం మా ఇంట్లో ఏటేటా ఉన్నదే. అన్నయ్య వేళాకోళానికే అన్నాడు. కానీ ఆ పిల్ల దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

యూనివర్సిటీలో మట్టి చదువేమిటని మీకూ అనిపించవచ్చు. నాకూ అనిపించింది. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం 1950లో మొదలైంది. మన వాళ్ళకి ఆ దారి కొత్తేమీ కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ గారు హైదరాబాదులో బొమ్మలు నేర్చుకుని, 1960లలో అక్కడికి వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గర చదువుకున్నారు. ఆయన గీసిన పల్లె మనుషుల బొమ్మలు అందరికీ తెలుసు. ఆ మనుషుల్నే ఆయన కాల్చిన మట్టిలో కూడా చేశారు. పి.ఆర్. దరోజ్ గారూ అంతే. హైదరాబాదులో చదివి, బరోడాలో సిరామిక్స్ నేర్చుకుని, మట్టితో మనిషెత్తు ద్వారాలు, స్తంభాలు నిలబెట్టారు. కుండకి వాడే మట్టే! చెరువు గట్టున కూచున్నప్పుడు ఒక గౌరవం, యూనివర్సిటీ మెట్లెక్కాక ఇంకొక గౌరవం. మనిషికీ అంతేగా మరి.

మా మేనకోడలు మొదటి ఏడాది ఉత్తరాలు రాసినట్టు ఫోన్లు చేసేది. చాలా రోజులు మట్టి పిసకడమేనట. అచ్చం చపాతీ పిండిలాగే. తర్వాత చక్రం నడిమధ్య మట్టిముద్దని కదలకుండా నిలబెట్టడం. అది కుదరకపోతే ఏదీ కుదరదు. ముద్ద వెంట్రుకవాసి పక్కకి జరిగినా చక్రం దాన్ని ఎగరేసి కొడుతుంది. ఎన్నాళ్ళకో ఒక గిన్నె కుదిరిందట. సంబరంగా మాస్టారికి చూపిస్తే, ఆయన తీగ తీసుకుని దాన్ని నిలువునా రెండు చెక్కలు చేసి, "ఇప్పుడు చూడు" అన్నారట. అడుగు దళసరి, మధ్యలో పల్చన, అంచు దగ్గర మళ్ళీ దళసరి. బయటికి నున్నగా కనిపించేదాని లోపల ఇంత ఎగుడు దిగుడు! సిరామిక్స్ నేర్పే చోట ఇది మామూలేనట.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఎండిన పచ్చికుండని నీళ్ళలో వేస్తే కరిగి మళ్ళీ మట్టయిపోతుంది. మళ్ళీ పిసుక్కోవచ్చు. కానీ ఆవంలో పెట్టాక, వేడి అయిదారు వందల డిగ్రీలకి చేరేసరికి, మట్టి కణాల్లో కట్టుబడి ఉన్న నీరు కూడా వదిలి పోతుంది. ఇక అది ఎప్పటికీ మట్టి కాదు. పగిలితే పెంకు అవుతుంది, వెయ్యేళ్ళయినా పెంకుగానే ఉంటుంది. తవ్వకాల్లో ముందుగా దొరికేవి పెంకులే కావడానికి కారణం అదే. ఈ మాట విన్నప్పుడు, "బాగుందే, ఎక్కడైనా వాడుకుంటాను" అన్నాను. రచయిత్రుల బుద్ధి!

ఇక సంక్రాంతి నాటి గొడవకొస్తాను.

ఆ కుండ మూతిని నేను గుర్తుపట్టాను. అది బరోడా మూతి కాదు, కీసర మూతి. కిందటి రెండు వేసవుల్లోనూ మా అన్నయ్య వేళాకోళాన్ని నిజం చేస్తూ ఈ పిల్ల కీసరలో మాకు కుండలమ్మే అవ్వ ఇంటికి రోజూ వెళ్ళింది. అక్కడ ఏం నేర్చుకుందో తెలుసునా? కుండకి గుండ్రటి అడుగు తీయడం. యూనివర్సిటీ చక్రం మీద తీసే పాత్రలకి బల్ల మీద నిలబడాలి గనక అడుగు చదునుగా ఉంటుంది. మన కుండ మూడు రాళ్ళ పొయ్యి మీద కూచోవాలి, చుట్టకుదురు మీద ఒదగాలి, మంట నాలుగు పక్కలా తగలాలి. అందుకని దాని అడుగు గుండ్రంగా ఉండాలి. సారె మీద పైభాగం తీసి, కాస్త ఆరాక, లోపల ఓ చేత్తో నున్నటి రాయి పట్టుకుని, బయట నుంచి చెక్కతో తడుతూ తడుతూ గోడని పల్చన చేస్తూ అడుగుని గుండ్రంగా మూస్తారు. ఆ తట్టడం అవ్వ పని. డెబ్భై దాటిన మనిషి. ఎవరూ ఆవిడ కుండని తీగతో కోసి చూడనక్కర్లేదు. చప్పుడు వింటూనే ఎక్కడ దళసరో చెప్పేస్తుంది.

"ఈ మూతి అవ్వది. ఈ అడుగు అవ్వ నేర్పింది. సంతకం మాత్రం నీదా? ఆవిడకి నూటయాభై, నీకు మూడువేల అయిదువందలా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. మనం తప్పు చెయ్యని చోట నీతి చెప్పడం ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలుసుగా!

పిల్ల మొహం ఎర్రబడింది. కాసేపు ఊరుకుంది. తర్వాత మెల్లిగా, "అత్తా, నీ నవల్లో కుమ్మరి ఇంటావిడ ఒకతి ఉందిగా. దానికేగా నీకు బహుమతి వచ్చింది. ఆవిడ మాటలన్నీ అవ్వ మాటలేగా. ఆవిడ కథ కూడా అవ్వదేగా. నువ్వు అడిగావా?" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నన్నెవరో తీగతో నిలువునా కోసి, "ఇప్పుడు చూడు" అన్నట్టయింది.

అడగలేదు. పదేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం కుండ కొనడానికి వెళితే వాన పట్టుకుంది. అవ్వ గుమ్మంలో కూచున్నాను. ఏవో కబుర్లలో తన కడుపులోని సంగతి ఒకటి చెప్పుకుంది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఇంటికొచ్చి ఆ రాత్రే కాగితం మీద పెట్టాను. పేరు మార్చాను, ఊరు మార్చాను. "కల్పన" అనుకున్నాను. ఆవిడకి చదవడం రాదు, తెలిసే అవకాశం లేదన్న సంగతి నా మనసులో ఎక్కడో ఓ మూల ఉండే ఉంటుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేనకోడలు చేసింది తప్పా? నేను చేసింది తప్పా? ఆ మాటకొస్తే, చేసిన పనికి పేరు ఉండాలా, వద్దా?

వద్దనే వాదం చాలా పెద్దవాళ్ళే చేశారు. జపానులో యానగి సోయెత్సు అని ఓ పండితుడు ఉండేవాడు. పేరు తెలియని పల్లె పనివాళ్ళు రోజువారీ వాడకానికి చేసిన గిన్నెల్లోనే అసలైన అందం ఉందని, అహంకారం అంటని అందం అదేనని జీవితమంతా చెప్పాడు. పేరు లేని ఆ పనివాళ్ళ గురించి ఆయన రాసిన వ్యాసాలు ఆయన పోయాక, 1972లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చి ప్రపంచమంతా మట్టిపని నేర్చుకునేవాళ్ళు చదివారు. ఆయన స్నేహితుడు హమాదా షోజి గొప్ప కుమ్మరి. తన కుండల మీద సంతకం పెట్టడం మానేశాడు. ఎంత వినయం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. కానీ ఆ రాత్రి ఇంకో ఆలోచన వచ్చింది. పేరు లేకపోవడం గొప్పదని పుస్తకం రాసినాయన పేరు అట్ట మీద ఉంది! హమాదా సంతకం మానేసినా ఆ కుండ ఆయనదని అందరికీ తెలుసు. 1955లో జపాను ప్రభుత్వం ఆయన్ని సజీవ జాతీయ నిధుల్లో ఒకరిగా గుర్తించింది కూడా. ఉన్న పేరుని పక్కన పెట్టడం వైరాగ్యం. అసలు ఎవరూ అడగకపోవడం వల్ల పేరు లేకపోవడం వైరాగ్యం ఎలా అవుతుంది?

ఈ సంగతి ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తెల్లారి లేచి వేసిన ముగ్గు కింద పేరు రాసుకుంటామా? ఆవకాయ జాడీ మీద సంతకం పెడతామా? "అమ్మ చేతి వంట" అని అందరూ కళ్ళు మూసుకుని లొట్టలేస్తారు. ఆ అమ్మకో పేరుందని రేషను కార్డు చూసినప్పుడు గానీ గుర్తురాదు. "ఆవిడకి అలాంటి ఆశలు లేవండీ, పాపం" అంటారు. ఉన్నాయో లేవో ఎవరైనా అడిగారా?

మొల్లనే తీసుకోండి. రామాయణం రాసింది. ఆతుకూరి మొల్ల అని ఇంటిపేరుతో సహా పేరుంది. అయినా లోకం నోట "కుమ్మరి మొల్ల"గానే మిగిలింది. కులవృత్తి ముందు పెట్టుకుని మనం పిలిచే కవులు ఇంకెందరున్నారో లెక్కపెట్టండి. పని మీద పేరు లేకపోవడం ఒక రకం. పేరు మీద పనిని రుద్దడం ఇంకో రకం.

తెల్లారాక మేనకోడల్ని లేపి, "పద, కీసర వెళ్దాం. ఇద్దరం అడుగుదాం" అన్నాను.

ముందు గుట్టెక్కాం. భయం వేసినప్పుడు దేవుడి దగ్గరికెళ్ళడం మామూలేగా. కీసరగుట్ట చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, అక్కడ గుడిలోనే కాదు, గుడి బయట, బండల మీద, చెట్ల కింద, ఎక్కడ చూసినా శివలింగాలే. రాములవారు ఇక్కడ లింగప్రతిష్ఠ చెయ్యదలిచి హనుమంతుణ్ణి కాశీకి పంపారుట. ఆయన నూటొక్క లింగాలు మోసుకుని వచ్చేసరికి ముహూర్తం మించిపోతోందని శివుడే ప్రత్యక్షమై ఇచ్చిన లింగాన్ని ప్రతిష్ఠించేశారుట. అంత దూరం మోసుకొచ్చిన కష్టం వృథా అయిందని హనుమంతుడికి కోపమొచ్చి, తెచ్చినవన్నీ విసిరికొట్టాడు. అవే ఇవి. అప్పుడు రాములవారు ఆయన్ని ఊరడించడానికి, ఈ కొండ నీ తండ్రి కేసరి పేరుతో కేసరిగిరి అవుతుందన్నారు. అదే కీసర అయింది. చిన్నప్పటి నుంచీ విన్న కథే. కష్టపడిన వాడికి చివరికి దక్కిన ఊరడింపు ఒక పేరని మాత్రం ఆ రోజే తట్టింది. అదీ తన పేరు కాదు, తండ్రిది.

ఆ గుట్ట మీద ఇంకో వింత ఉంది. విష్ణుకుండినుల కాలం నాటి కోటగోడలు, ఇటుక కట్టడాల పునాదులు అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి. ఒక బండ మీద పాత లిపిలో ఒకే ఒక్క మాట చెక్కి ఉంది. "తొలుచువాన్డ్రు" అని. అంటే రాయి తొలిచేవాళ్ళు. అయిదో శతాబ్దం ప్రాంతం నాటిదంటారు చరిత్రకారులు. తెలంగాణలో దొరికిన తొలినాటి తెలుగు మాటల్లో ఇదొకటి. ఆలోచించండి. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు, ఆ చోట నిలిచిన తెలుగు మాట పనివాళ్ళది! మేనకోడలు ఫోనులో దాని ఫొటో తీసి చూపించి, "చూడత్తా, వీళ్ళు మాత్రం సంతకం పెట్టుకున్నారు" అంది. "పెట్టుకున్నది పేరు కాదే, పని పేరు" అన్నాను. "అయినా పెట్టుకున్నారుగా. మేమున్నాం అని చెప్పారుగా. మరి ఆ ఇటుకలు చేసినవాళ్ళు?" అంది. వాళ్ళ మాట ఏ బండ మీదా లేదు. రాయి తొలిచేవాడి చేతిలో ఉలి ఉంది గనక రాసుకున్నాడు. మట్టి పిసికేవాడు రాయలేదు.

అవ్వ వాకిట్లో కూచుని కుండ తడుతోంది. పక్కన కరెంటు సారె ఉంది. ఆవిడ మరిది కొడుకు తిప్పుతాడు. మా పిల్ల చనువుగా వెళ్ళి సారె ముందు కూచుని మట్టి వేసింది. అవ్వ దాన్ని మురిపెంగా చూస్తూ, "గీ పిల్ల సారె మీద కూసుంటె నాకు ముద్దుగనే ఉంటది బిడ్డా. మేము ముట్టకపోదుము" అంది.

"ఎందుకు ముట్టకపోదురు అవ్వా?"

"ఎందుకేంది? ఆడోళ్ళు సారె ముట్టద్దు. గంతే."

డెబ్భై ఏళ్ళ మట్టి జీవితం. మట్టి తేవడం, జల్లించడం, తొక్కడం, తట్టడం, పెళ్ళిళ్ళకి ఐరేని కుండలకి రంగులు పెట్టడం, ఆవం పేర్చడం, అన్నీ ఆవిడవి. సారె మాత్రం మగవాళ్ళది. మన దేశంలో చాలాచోట్ల కుమ్మరి ఇళ్ళలో ఇదే ఆచారం. అప్పుడు నాకు యూనివర్సిటీ మీద కోపం కాస్త తగ్గింది. కచ్ ప్రాంతంలోని మాండ్విలో 1940లో పుట్టిన జ్యోత్స్నా భట్ గారు బరోడాలో శిల్పం, తర్వాత అమెరికాలో బ్రూక్లిన్‌లో సిరామిక్స్ నేర్చుకుని, తిరిగొచ్చి బరోడాలోనే దశాబ్దాల పాటు పిల్లలకి మట్టిపని నేర్పారు. 2020లో పోయారు. అలాంటి వాళ్ళు కూచోబట్టే ఇవాళ మా ఇంటి పిల్ల సారె ముందు కూచుంది. ఇంట్లో తలుపు మూసి ఉన్న విద్య బయట ఇంకో గుమ్మంలోంచి ఆడపిల్లకి దొరికింది. కానీ దొరికింది అవ్వ మనవరాలికి కాదు. ఆ పిల్ల నర్సింగు చదువుతోంది. మట్టి వాసనే పడదంటుందిట. అదీ న్యాయమే. వద్దనుకునే హక్కు దానికి మాత్రం లేదా?

మా పిల్ల చేతులు కడుక్కుని వచ్చి, సంచిలోంచి తన కుండ తీసి అవ్వ చేతిలో పెట్టింది. "అవ్వా, ఈ మూతి నీది. ఇది అమ్ముతా. చీటీ మీద నీ పేరు రాయనా?" అని అడిగింది.

అవ్వ కుండని కొట్టి చూసింది. మూతి చుట్టూ వేలు తిప్పింది. "నా పేరెందుకు? గీ మూతి మా మామది. మజ్జిగ వంచితె చుక్క కారొద్దని గాయన తీసిండు. రాస్తె మా మామ పేరు రాయి" అంది. కేసరిగిరి కథ గుర్తొచ్చి నాకు ఒళ్ళు జలదరించింది. అంతలోనే, "ఎంతకమ్ముతవు?" అంది. పిల్ల దాచకుండా చెప్పింది. అవ్వ చేతిలో చెక్క ఆగింది. "మూడువేల అయిదొందలా! మరి నాకెంతిస్తవు?" "కుండకి మూడొందలు అనుకున్నాను అవ్వా." "అయిదొందలు. మూతి ఊకెనే రాదు." నా జీవితంలో మొదటిసారి బేరం జరుగుతుంటే నోరు మూసుకుని కూచున్నాను. అయిదువందలకి ఖాయమైంది.

ఇక నా వంతు. నోరు పెగల్లేదు. ఎలాగో చెప్పాను. పదేళ్ళ కిందట వాన పడిన రోజు చెప్పిన సంగతి పుస్తకంలో రాశానని, పేరు మార్చానని, దానికి బహుమతి కూడా వచ్చిందని. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తట్టడం మాత్రం ఆపలేదు. చెక్క చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"నువ్వు కుండ కొననీకి ఒస్తివి. వాన వడుతుందని కూసుంటివి. ముచ్చట వెడితివి. కడుపుల ఉన్నది జెప్పిన. రాస్తవని జెప్పిననా?" అంది.

"లేదవ్వా."

"నా పేరైతే పెట్టలె గద?"

"పెట్టలేదు."

"మంచిగ జేసినవ్. ఇగ గది ముట్టకు."

అంతే. తిట్టినా బాగుండేది. క్షమించానన్నా బాగుండేది. రెండూ అనలేదు. లేచి లోపలికెళ్ళి మా ఇద్దరికీ చాయ్ తెచ్చింది.

నేనేమో రాత్రంతా మేల్కొని, పేరు ఉండాలా వద్దా అని సూత్రం కోసం వెతికాను. సూత్రం దొరికితే అన్ని కుండలకీ, అన్ని కథలకీ ఒకటే కొలత పెట్టి, నా బాధ్యత తీరిందని పడుకుందామనుకున్నాను. అవ్వకి సూత్రాలు లేవు. కుండ మూతికి పేరు కావాలంది, అదీ తన పేరు కాదు, నేర్పిన మామగారి పేరు. దానికి డబ్బూ కావాలంది. కడుపులో సంగతికి మాత్రం పేరొద్దంది. డబ్బు మాటే ఎత్తలేదు. ఒకే మనిషి, ఒకే వాకిలి, రెండు జవాబులు. ఇంట్లో కూచుని ఎంత ధర్మమీమాంస చేసినా ఇవి నాకు దొరికేవి కావు. అడిగితేనే దొరికాయి. మేనకోడలు ఆలస్యంగానైనా అమ్మకముందు అడిగింది. నేను అచ్చయిన పదేళ్ళకి అడిగాను. తేడా అదే. దానిది ఇంకా పచ్చికుండ, దిద్దుకుంది. నాది ఆవంలో కాలిపోయింది. ఇక అది మట్టి కాదు. బహుమతి వెనక్కిచ్చినా, పుస్తకం మళ్ళీ వెయ్యకపోయినా, చదివినవాళ్ళ మనసుల్లోంచి ఆవిడ కడుపుకోత వెనక్కి రాదు.

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అంటారు. ఏడాదంతా చేసిన కుండలు దుడ్డుకర్ర ఒక్క దెబ్బకి పోతాయని. నమ్మకం కూడా అలాంటిదే అనుకుంటాను. అయితే అవ్వ ఆ దెబ్బ తిని కూడా చాయ్ ఇచ్చింది. అది నా గొప్పతనం కాదు.

నవలలు రాయడం మానేస్తావా అని అడిగింది మేనకోడలు తిరుగు బస్సులో. మాననే. మనుషుల దగ్గర్నుంచి తీసుకోకుండా ఎవరు రాశారు గనక! కుమ్మరి కూడా చెరువులోంచి మట్టి తీసుకోవాల్సిందే. కానీ ఇకమీదట వాన వెలిసేదాకా వాళ్ళ గుమ్మంలో కూచున్నప్పుడు, నేను రాసేదాన్నని ముందే చెబుతాను. చెబితే కొందరు నోరు మూసుకుంటారు. మంచి కథలు కొన్ని చేజారతాయి. జారనీ. నూటయాభై కుండకి ముప్ఫై రూపాయలు మిగుల్చుకున్నప్పుడు పోయినదాని కన్నా ఇది పెద్ద నష్టమేమీ కాదు.

ప్రదర్శన అయింది. కుండలు పదకొండు అమ్ముడుపోయాయి. ప్రతి కుండ దగ్గరా చీటీ మీద మా పిల్ల పేరు, కింద అవ్వ మామగారి పేరు, కీసర అని రాసి పెట్టారు. "ఈయన ఏ యూనివర్సిటీ?" అని ఒకాయన అడిగారుట. అవ్వ వాటా డబ్బు మేమిద్దరం వెళ్ళి ఇచ్చాం. రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున కట్టుకుంది.

ఆ రోజే అడిగాను. "అవ్వా, మన ఈ పంచాయితీ అంతా ఒక పత్రికకి రాస్తాను. నీ కడుపులో సంగతి ముట్టను. మిగతాది రాయనా?" అని. ఆవిడ కాసేపు ఆలోచించింది.

"రాసుకో. చీటీ మీద మా మామ పేరు ఉన్నది, సాలు. పుస్తకంల పేర్లు వద్దు. ఊరు రాసుకో" అంది.

అందుకే ఇందులో ఆవిడ పేరు లేదు, మామగారి పేరూ లేదు. ఊరు మాత్రం రాశాను.